చంటిపిల్లతో రోహిణి కార్తె

మా అమ్మ మామిడిపండు తినదు. నూజివీడు పక్క ఊళ్లో పుట్టి, పెరట్లో రెండు చిన్నరసాల చెట్లున్న ఇంట్లో యాభై ఏళ్లకి పైగా కాపురం చేసిన మనిషి. కాయలు కోయిస్తుంది, గడ్డిలో మాగేస్తుంది, ఏది పండిందో వాసనతోనే చెప్పేస్తుంది, ఇంటిల్లిపాదికీ పంచుతుంది. తను మాత్రం ముట్టదు. కొందరికి వంకాయ పడనట్టే అమ్మకి మామిడిపండు పడదేమో అనుకుని పెరిగాం మేమంతా. అసలు సంగతి నాకు 2003 ఎండాకాలంలో తెలిసింది. అప్పటికి మా పెద్దదానికి తొమ్మిదో నెల.

ఆ ఎండాకాలం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మే నెలాఖరు, రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండలంటారే, అవే. ఆ ఏడు వడదెబ్బకి ఒక్క మన రాష్ట్రంలోనే వెయ్యిమందికి పైగా పోయారు. మేం అప్పుడు హైదరాబాదులో పై అంతస్తు గదుల్లో అద్దెకుండేవాళ్లం. రాత్రి పదింటికి కూడా కుళాయిలో వేడినీళ్లే. మా ఆయన "పిల్లని తీసుకుని మీ ఊరెళ్లు, నేను శనివారాలు వస్తాను" అన్నారు. పుట్టింటికి వెళ్లమంటే ఎవరికి చేదు? పిల్ల బట్టలు, పాలసీసా, దోమతెర సర్దుకుని రైలెక్కేశాను. దారిలో ఒక స్టేషన్‌లో బండి ఆగితే దిగి, అక్కడి కుళాయి కింద పాలసీసా కడిగాను. ఇంటి దగ్గర రోజూ మరిగించేదాన్ని. ఆ ఒక్కపూట బద్ధకించాను. ఈ మాట మా ఆయనకి కూడా చాలా ఏళ్లదాకా చెప్పలేదు.

ఇంటికి చేరిన రెండో రోజు రాత్రి మొదలైంది. నీళ్ల విరేచనాలు. తెల్లారేసరికి తొమ్మిదిసార్లు. మధ్యాహ్నానికి పిల్ల ఏడుస్తుంటే కళ్లలోంచి నీళ్లు రావడం లేదు. నడినెత్తి మీద చెయ్యి పెడితే మాడు గుంటలా లోపలికి పోయి ఉంది. మా నాన్నమ్మకి అప్పటికి ఎనభై దాటాయి. మంచం మీంచే తీర్పు చెప్పేసింది. "నీళ్లు పట్టకండి. పోసినవన్నీ కిందికే పోతాయి. నిన్న రెండు పళ్లు లాగించావుగా, పాలిచ్చే తల్లివి నోరు కట్టుకోవద్దూ?"

ఆ మాటకి అమ్మ చేతిలో చెంబు కింద పెట్టేసింది. మా నాన్నమ్మకి ఎదురు మాట్లాడగా నేనెప్పుడూ చూడలేదు ఆవిణ్ణి. ఆ రోజూ మాట్లాడలేదు. లోపలికెళ్లి చీర మార్చుకుని వచ్చి, "పద, డాక్టరు దగ్గరికి" అంది.

డాక్టరు గారు పిల్లని అటూ ఇటూ చూసి, పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టి వదిలి, "సెలైన్ అక్కర్లేదింకా" అన్నారు. నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇచ్చారు. ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒక ప్యాకెట్ మొత్తం కలపాలి, చెంచాతో కొంచెం కొంచెంగా పడుతూనే ఉండాలి, కక్కేస్తే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి, నీ పాలు మానద్దు. అంతే. నేను మామిడిపండు సంగతి అడిగితే నవ్వారు. "పండు మీరు తిన్నారు. సీసాలో పాలు తాగింది పాప. ఆ సీసా సంగతి చూసుకోండి."

ఆ రాత్రి కరెంటు లేదు. పెరట్లో నులకమంచం మీద అమ్మ పిల్లని ఒళ్లో పెట్టుకుంది, నేను చెంచాతో పట్టాను. నిమిషానికో చెంచా. చేతులు మార్చుకుంటూ తెల్లవారుజాము దాకా. మొదటి గ్లాసు కలిపినప్పుడు అమ్మ చెంచాడు నోట్లో వేసుకుని రుచి చూసింది. కాసేపు మింగకుండా ఉండిపోయింది.

"ఇందులో ఏముందే?"

"ప్యాకెట్ మీద రాశాడుగా అమ్మా. గ్లూకోజు, ఉప్పు, ఇంకేవో లవణాలు."

"ఇంతేనా?" అంది. "ఇంట్లో లేనివా ఇవి?"

అప్పుడు చెప్పింది. నాకు ఒక అన్నయ్య ఉండేవాడట. 1971 రోహిణి కార్తెలో ఏడో నెల వాడికి. అమ్మకి పద్ధెనిమిదేళ్లు. ఇలాగే నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్లు పట్టవద్దన్నారు. పాలు కూడా తగ్గించమన్నారు. మాడు గుంటపడితే ఆముదం పెట్టారు. రెండో రాత్రి వాడి ఒళ్లు తుడవడానికి అమ్మ తడిగుడ్డ తెస్తే, ఆ గుడ్డ అంచు పట్టుకుని చీకాడట. నాన్నమ్మ చూసి గుడ్డ లాగేసుకుంది. పొద్దున బండి కట్టి ఊళ్లోకి తీసుకెళ్తుంటే దారిలోనే అయిపోయింది. దినాలు కాకముందే ఊళ్లో ఆడవాళ్లందరికీ కారణం తెలిసిపోయింది: అమ్మ పండు తిన్నది. పిల్లాడికి వేడి చేసింది.

నాన్నమ్మ మీద నాకు ఆ రాత్రి వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. తర్వాత తగ్గింది. ఆవిడ తొమ్మిదిమందిని కని నలుగురిని పోగొట్టుకుంది. ఆవిడకి వాళ్ల అత్తగారు చెప్పిందే ఆవిడ చెప్పింది. పైగా ఆ రోజుల్లో పట్నం డాక్టర్లు చాలామంది కూడా విరేచనాలైతే పేగులకి విశ్రాంతినివ్వాలి, ఒకటి రెండు రోజులు ఏమీ పెట్టవద్దనే చెప్పేవారు. నరంలోకి ఉప్పునీళ్లు ఎక్కించడం 1832లో కలరా రోజుల్లోనే మొదలైంది గానీ, దానికి సూది కావాలి, శుద్ధమైన సీసాలు కావాలి, ఎక్కించే చెయ్యి కావాలి. నూజివీడు పక్క ఊరికి అవి బండి కట్టుకుని వెళ్తే గానీ అందవు.

నేను బీయే తెలుగు చదివినదాన్ని. నాకూ వైద్యానికీ ఎక్కడ చుట్టరికం? కానీ "ఇంతేనా" అన్న ఆ మాట నన్ను వదల్లేదు. ఇంట్లో ఉన్న వస్తువులే అయినప్పుడు ఇది మనవాళ్లకి ఎందుకు తెలియలేదు? ఎప్పుడు తెలిసింది? పిల్లలు బడికి వెళ్లడం మొదలయ్యాక దొరికినవన్నీ చదివాను.

కిటుకు ఇదీ. విరేచనాలప్పుడు ఒట్టి నీళ్లు తాగినా, ఉప్పునీళ్లు తాగినా పేగు వాటిని సరిగ్గా పీల్చుకోదు. నాన్నమ్మ అన్న "పోసినవన్నీ కిందికే" అనేది కళ్లతో చూసి అన్నమాటే, అబద్ధం కాదు. కానీ పేగు గోడలో ఒక ద్వారం ఉంది. అది ఉప్పునీ చక్కెరనీ జంటగా వస్తేనే లోపలికి రానిస్తుంది. చక్కెర చెయ్యి పట్టుకుని ఉప్పు లోపలికి వెళ్తుంది, ఉప్పు వెనకాలే నీళ్లు వెళ్తాయి. ఎంత జబ్బులోనూ ఆ ద్వారం చాలావరకు పనిచేస్తూనే ఉంటుంది. ఈ జంట సంగతి 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త చెప్పాడు. అంతకుముందే 1953లో కలకత్తాలో హేమేంద్రనాథ్ చటర్జీ అనే డాక్టరు కలరా రోగులకి గ్లూకోజు, ఉప్పు కలిపిన నీళ్లు తాగించి నయం చేసి లాన్సెట్ పత్రికలో రాస్తే, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1968లో ఢాకాలో డేవిడ్ నేలిన్, రిచర్డ్ క్యాష్ అనే ఇద్దరు కుర్ర డాక్టర్లు లెక్కలతో సహా రుజువు చేశారు. అయినా అది ఆసుపత్రిలో, శిక్షణ ఉన్నవాళ్ల చేతుల మీద జరగాల్సిన పని అనే అందరూ అనుకున్నారు.

ఆ నమ్మకం విరిగింది 1971లో. చదువుతూ ఆ సంవత్సరం దగ్గర ఆగిపోయాను నేను.

తూర్పు పాకిస్తాన్‌లో యుద్ధం. లక్షలాది కాందిశీకులు నడిచి పశ్చిమ బెంగాల్లోకి వచ్చేశారు. సరిహద్దున బనగావ్ అనే ఊళ్లో కలరా. దిలీప్ మహలనబిస్ అనే పిల్లల డాక్టరు కలకత్తా నుంచి అక్కడికి జూన్ చివరలో వెళ్లాడు. మా అన్నయ్య పోయిన మూడు నాలుగు వారాలకన్నమాట. ఆసుపత్రిలో రెండు గదుల నిండా నేలమీదే మనుషులు. సెలైన్ ఎక్కించాలంటే ఆ వాంతుల్లో, విరేచనాల్లో మోకాళ్ల మీద కూర్చోవాలి. ఆ సీసాలు కూడా అయిపోవచ్చాయి. ఆయన కలకత్తాలో తాము పనిచేసే చోటే పొడి కలిపించాడు. లీటరుకి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల తినే సోడా. ప్లాస్టిక్ సంచుల్లో పోసి, మూతి ఇస్త్రీపెట్టెతో అతికించారు. బనగావ్ తెచ్చి పీపాల్లో కలిపారు.

మరి తాగించేదెవరు? నర్సులు లేరు. రోగుల పక్కన ఉన్న అమ్మలు, అక్కలు, భర్తలు, ఎవరుంటే వాళ్లే. గ్లాసు పట్టుకోవడం వచ్చినవాళ్లంతా వైద్యులే అయ్యారు. ఆ శిబిరాల్లో కలరా వచ్చినవాళ్లలో నూటికి ముప్ఫైమంది దాకా పోతుండేవారు. అది 3.6కి దిగింది. 1978లో ఇదే లాన్సెట్, ఈ శతాబ్దంలోకెల్లా ముఖ్యమైన వైద్య పురోగతి ఇదే కావచ్చునని రాసింది. మహలనబిస్ గారు 2022 అక్టోబరులో పోయారు. పద్మవిభూషణ్ ఆ తర్వాత, 2023లో ప్రకటించారు. బతికుండగా ఒక్క పద్మం కూడా ఇవ్వలేదు. మనకిది అలవాటే.

నాకు అంతకంటే నచ్చిన కథ ఇంకొకటుంది. అదే బెంగాలీల దేశంలో, యుద్ధం అయ్యాక, బ్రాక్ అనే సంస్థ 1980 నుంచి పదేళ్లు ఆడవాళ్లని జట్లుజట్లుగా ఊళ్లకి పంపింది. ప్యాకెట్లు పంచడానికి కాదు, వంటింట్లో కలపడం నేర్పడానికి. మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, నాలుగు వేళ్లతో తీసినంత బెల్లం, అరలీటరు నీళ్లు. ఇంటింటికీ వెళ్లి తల్లి చేత కలిపించి, రుచి చూపించి వచ్చేవారు. జీతం ఎలా ఇచ్చేవారో తెలుసా? నెల తర్వాత వేరేవాళ్లు వెళ్లి, ఆ తల్లులకి ఎంత గుర్తుందో, సరిగ్గా కలపగలరో లేదో చూసి, దాన్నిబట్టి ఇచ్చేవారు. మొదట్లో తల్లులకి పాఠం వచ్చేది గానీ వాడేవారు కాదట. ఎందుకని చూస్తే, నేర్పే ఆడవాళ్లకే దాని మీద నమ్మకం లేదు, తమ ఇంట్లో జబ్బు చేస్తే మందులే కొనేవారు. ఇంట్లో మగవాళ్లకి ఎవరూ చెప్పనే లేదు. అప్పుడు నేర్పేవాళ్లకి ముందు నమ్మకం కలిగించి, మగవాళ్లని కూడా కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టారు. అలా కోటికి పైగా ఇళ్లు తిరిగారు. ఉప్పు, బెల్లం ఉన్నా చాలదు, అత్తగారి మాటకంటే గట్టి మాట ఒకటి కావాలి కోడలికి. మా అమ్మకి లేనిది అదే.

ఇంకోటి కూడా చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బియ్యప్పిండి ఉడకబెట్టి ఉప్పు వేసిన జావ కూడా కలరాకి బాగా పనిచేస్తుందని 1980లలో ఢాకా పరిశోధకులే చూపించారు. అంటే ఇంచుమించు మన ఉప్పు గంజి. పొలం నుంచి వచ్చిన మగవాళ్లకి గిన్నెల కొద్దీ పోసి, చంటివాడికి మాత్రం చెంచాడు పట్టని ఇళ్లు మనవి.

ఇప్పుడు ప్యాకెట్లు ఆశా కార్యకర్త దగ్గర ఊరికే దొరుకుతాయి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి కొలవాలి. కన్నీళ్లకంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపాలి. పిల్ల మగతగా పడుకుంటున్నా, తాగలేకపోతున్నా ఇంట్లో కూర్చోకూడదు, ఆసుపత్రికి పరుగెత్తాలి. మందుల షాపులో రంగురంగుల అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలు ఓఆర్ఎస్ కావు. అసలు ప్యాకెట్లో లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజు ఉంటే, వాటిలో పంచదార దానికి ఎన్నో రెట్లు. అంత తీపి పేగులోకి ఇంకా నీళ్లు లాగి విరేచనాలు పెంచుతుంది. మా రెండోవాడికి ఒకసారి నేనే తెలియక పట్టాను అలాంటిది. హైదరాబాదులో శివరంజని సంతోష్ గారనే పిల్లల డాక్టరు ఏళ్ల తరబడి దీనిమీద ఒంటరిగా పోరాడారు. 2025 అక్టోబరులో గానీ, అలాంటి పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న పేరు వాడకూడదని ఆహార ప్రమాణాల సంస్థ ఆదేశం రాలేదు. ఆవిడ ఆ వార్త చెబుతూ ఏడ్చిన వీడియో మీలో కొందరు చూసే ఉంటారు. నేను రెండుసార్లు చూశాను.

మా పెద్దది మూడో రోజుకి లేచి కూర్చుంది. శనివారం మా ఆయన వచ్చేసరికి తాటిముంజె గుజ్జు మొహమంతా పూసుకుని ఉంది. ఆయనకి ఏమీ జరగనట్టే కనబడింది ఇల్లు. నాన్నమ్మ ఆ మర్నాడు నన్ను పిలిచి, "ఆ పొట్లం పేరేంటే?" అని అడిగింది. మూడుసార్లు చెప్పించుకుంది. తర్వాత రెండేళ్లు బతికింది. మామిడిపండు మాట మళ్లీ ఎత్తలేదు. అమ్మ కూడా ఎత్తలేదు.

ఈ ఏడు మా చిన్నాన్న మనవరాలు అయిదో నెల పిల్లాడితో వేసవికి అమ్మ దగ్గరికి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. వాళ్ల అత్తగారు ఫోన్లో పండ్లు తినవద్దన్నారట, ఆ అమ్మాయి బుట్ట వంక చూస్తూ కూర్చుంది. అమ్మ నీళ్లలో నానేసిన పళ్లలోంచి మెత్తటిది ఒకటి తీసి, తొడిమ దగ్గర జీడి పిండేసి, ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"తిను. వాడికేం కాదు. చేతులు కడుక్కుని ఎత్తుకో. పొట్లాలు ఫ్రిజ్ మీద డబ్బాలో ఉన్నాయి."