శుభలేఖ మీది తేదీ

పట్టా చేతికి వచ్చి, నల్లకోటు వేసుకున్నాక న్యాయవాదికి చదువు ముగిసినట్టేనని చాలామంది భావిస్తారు. కుటుంబ న్యాయం విషయంలో ఈ భావన ఎంత నష్టం చేయగలదో గ్రహించడానికి ఆడపిల్ల ఆస్తిహక్కు చరిత్ర ఒక్కటి చాలు.

విజ్ఞానేశ్వరుని మితాక్షర ప్రకారం పిత్రార్జితంలో పుట్టుకతో హక్కు కొడుకులదే. ఆ గ్రంథాన్ని పదమూడవ శతాబ్దంలో కేతన తెలుగు చేశాడు. 1810లో కోల్‌బ్రూక్ అందులోని దాయవిభాగాన్ని ఆంగ్లీకరించగా, అది ఆంగ్లేయుల న్యాయస్థానాలకు ఆధారమయింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం మరణించిన తండ్రి వాటాలో కూతురికి భాగమిచ్చిందే గాని, ఆమెను పుట్టుకతో దాయాదిగా అంగీకరించలేదు.

ఆ పని మన రాష్ట్రంలో 1986 నాటి సవరణ చేసింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. అయితే ఆ తేదీకి ముందే పెళ్ళయినవారికి హక్కు లేదన్నది. ఆగస్టులో పెళ్ళయిన అక్కకు లేని వాటా అక్టోబరులో పెళ్ళయిన చెల్లెలికి దక్కింది. ఇంట్లో దాచుకున్న శుభలేఖ కోర్టులో సాక్ష్యమయింది!

ఆ అక్కే తన వాటా కోసం న్యాయవాదుల వద్దకు వెళ్ళిందనుకుందాం. 1990లో ఆయన పెళ్ళి తేదీ అడిగి, లేదని పంపేవాడు. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ అమలయ్యాక పెళ్ళి ప్రసక్తి పోయింది. 2015లో ఫూలవతి కేసు తీర్పు తరువాత, ఆ రోజుకు తండ్రి జీవించి ఉన్నాడా అని అడగవలసి వచ్చింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఆ షరతును కూడా తొలగించింది. ఇప్పుడు అడగవలసిన ముఖ్యమైన ప్రశ్న వేరు: 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజు ద్వారా గాని, కోర్టు డిక్రీ ద్వారా గాని పంపకం జరిగిందా?

మనిషి ఒకరే, ఆస్తి ఒకటే. మారినది జవాబు. పాత జవాబు విని వెనుదిరిగిన ఆడపడుచు మళ్ళీ ఆ మెట్లు ఎక్కకపోవచ్చు. అందుకే వృత్తిలో ఉన్నవారికి కుటుంబ న్యాయంలో స్నాతకోత్తర విద్య అలంకారం కాదు, అవసరం. తేదీలను చట్టం పుస్తకమే చెబుతుంది. ఆ తేదీల వెనుక ఎవరి ఆశ ఉన్నదో, ఎవరి అన్యాయం ఉన్నదో చెప్పేది మాత్రం చరిత్రతో కూడిన చదువే.