సమవుజ్జీలు ఎవరు? – వికలాంగ మహిళల రహదారి సైకిలు పందాలు

సైకిలు అనగానే రెండు చక్రాలు, రెండు పెడళ్లు, వాటిని తొక్కే రెండు కాళ్లు మన మనస్సులో మెదలుతాయి. కాని కాళ్లతో నడిచే సైకిలు పుట్టక పూర్వమే చేతులతో నడిచే బండి ఒకటి పుట్టింది. 1655లో జర్మనీ దేశంలో న్యూరెంబర్గు నగరానికి సమీపాన ఉన్న ఆల్ట్‌డార్ఫ్ అనే ఊళ్లో స్టీఫన్ ఫార్‌ఫ్లర్ అనే గడియారాల పనివాడు తన కోసం మూడు చక్రాల బండి ఒకటి తయారు చేసుకున్నాడు. అతడు నడవలేనివాడు. గడియారంలోని పళ్లచక్రాల పని బాగా తెలిసినవాడు కనుక, చేతితో పిడి త్రిప్పితే ముందు చక్రం తిరిగేటట్లు అమర్చుకున్నాడు. అప్పటికి అతని వయస్సు 22 సంవత్సరాలు. నేటి సైకిలుకు మూలపురుషుడని చెప్పదగిన డ్రైస్ బండి వచ్చినది 1817లో. మన ఊళ్లలో బస్టాండుల వద్ద, గుళ్ల ముందు కనబడే చేతి మూడుచక్రాల బండి ఫార్‌ఫ్లర్ బండికి దూరపు చుట్టమే.

ఇటువంటి బండ్ల మీద పందాలు నడపడం మాత్రం చాల ఆలస్యంగా మొదలైనది. అందులో స్త్రీలకు చోటు దొరకడం ఇంకా ఆలస్యం. ఆ ఆలస్యానికి కారణం అలక్ష్యం ఒక్కటే కాదు. దాని వెనుక ఒక గణిత సమస్య కూడ ఉన్నది. ఆ సమస్య నేటికీ పూర్తిగా తీరలేదు.

1948 జూలై 29న ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము దెబ్బతిన్న రోగులకు డాక్టరు లుడ్విగ్ గుట్‌మన్ విలువిద్య పోటీ ఏర్పాటు చేశాడు. పదహారుగురు పాల్గొన్నారు. వారిలో ఇద్దరు స్త్రీలు. అనగా వికలాంగుల క్రీడా చరిత్రలో మొదటి దినాన్నే స్త్రీలు ఉన్నారన్నమాట. ఈ పోటీలే పెరిగి 1960లో రోము నగరంలో జరిగిన పారాలింపిక్ క్రీడలకు దారి తీశాయి. సైకిలు పందాలు మాత్రం 1984లో గాని ఆ క్రీడలలో చేరలేదు. మొదట రహదారి మీది పందాలే ఉండేవి. పందెపు వలయంలో (ట్రాక్ మీద) నడిపే పోటీలు 1996లో అట్లాంటాలో వచ్చాయి. 2007లో ఈ క్రీడ నిర్వహణ భారాన్ని అంతర్జాతీయ సైకిలు సమాఖ్య స్వీకరించింది. మామూలు సైకిలు పందాలను నడిపే సంస్థ కూడ ఇదే.

ఇక పందెపు బండ్ల సంగతి. చేయి గాని కాలు గాని లోపించినవారు, అవయవాల పట్టు కొంత తప్పినవారు మామూలు రెండు చక్రాల సైకిలే తొక్కుతారు. చేయి లేనివారి కోసం రెండు బ్రేకులనూ ఒకే మీటకు కలుపుతారు. వీరి వర్గానికి సి అనే అక్షరం గుర్తు. మెదడు దెబ్బతిని సమతూకం నిలుపుకోలేనివారికి మూడు చక్రాల సైకిలు, అనగా టి వర్గం. మూడు చక్రాలంటే సులువని అనుకోరాదు. రెండు చక్రాల బండి మలుపులో తానే లోపలికి ఒరుగుతుంది. మూడు చక్రాల బండి ఒరగదు. వేగంగా తిరిగితే బయటికి బోల్తా పడుతుంది. కనుక రౌతు తన శరీరాన్నే మలుపు లోపలి వైపునకు వంచి బరువు నిలపాలి. శరీరం మీద పట్టు తక్కువగా ఉన్నవారే ఈ విద్య చేయవలసి రావడం విచిత్రం. చూపు లేనివారు జోడుసైకిలు మీద వెనుక కూర్చుంటారు. ముందు కూర్చొని దారి చూపేది చూపుగల సహచరి. ఐర్లండు దేశానికి చెందిన కేటీ జార్జ్ డన్‌లెవీ, ఆమెకు దారి చూపిన ఈవ్ మెక్‌క్రిస్టల్ కలిసి 2021లో టోక్యోలో కాలపందెం, రహదారి పందెం రెండూ గెలిచారు. పతకం ఇద్దరికీ ఇస్తారు. జోడుసైకిలు మిగిలినవాటికంటె వేగంగా పోతుంది. ఇద్దరి బలం పనిచేస్తుంది, గాలికి అడ్డు నిలిచేది మాత్రం ఇంచుమించు ఒక్కరి శరీరమే. గాలి నిరోధం వేగవర్గానికి అనుపాతంలో పెరుగుతుందనీ, దానిని ఎదుర్కొనే సామర్థ్యం వేగఘనానికి అనుపాతంలో కావాలనీ పై తరగతుల విద్యార్థులకు తెలుసు. గాలి నిరోధాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే, వేగం రెట్టింపు కావాలంటే ఎనిమిది రెట్లు సామర్థ్యం కావాలి.

నాలుగవది చేతిసైకిలు, హెచ్ వర్గం. ఇందులో పెడళ్లకు బదులు చేతిపిడులు ఉంటాయి. కాళ్ల సైకిలులో ఒక పెడలు పైకి పోతే రెండవది క్రిందికి వస్తుంది. చేతిసైకిలులో రెండు పిడులూ ఒక్కసారే ముందుకు, ఒక్కసారే వెనుకకు తిరుగుతాయి. రౌతు దాదాపు వెల్లకిల పడుకొని నడుపుతుంది. గాలి తక్కువ తగులుతుంది. నడుము మీద పట్టు ఉన్నవారు మాత్రం మోకాళ్ల మీద కూర్చొని, శరీరపు బరువును కూడ పిడుల మీద వేసి త్రిప్పుతారు. వీరు హెచ్5. వారికి దిగువన హెచ్4 నుండి హెచ్1 వరకు వైకల్యం తీవ్రమవుతూ పోతుంది. హెచ్1 అంటే మెడభాగంలో వెన్నుపాము దెబ్బతిని, చేతులలో కూడ బలం తగ్గినవారు. ఇక్కడ పాఠకులు ఒక విషయం గమనించాలి. వెన్నుపాము పైభాగంలో దెబ్బ తగిలితే కండరాలు మాత్రమే కాదు, గుండెను వేగిరపరచే నాడులు కూడ తెగుతాయి. ఎంత శ్రమపడినా గుండె నిమిషానికి 120, 130 సార్లకు మించి కొట్టుకోవడం కష్టం. చెమట కూడ సరిగా పట్టదు. ఎండలో శరీరం చల్లబడే మార్గం లేదు. పట్టుదల ఎంత ఉన్నా ఈ హద్దు దాటరాదు.

కావుననే వర్గీకరణ. సమవుజ్జీలను సమవుజ్జీలతోనే పోటీకి దింపాలి. అయితే వర్గాలు ఎక్కువైన కొద్దీ ఒక్కొక్క వర్గంలో మిగిలే మనుషులు తక్కువ. ఇద్దరు ముగ్గురితో పందెం నడిపితే అది పందెం అనిపించుకోదు. వర్గాలను కలిపివేస్తే మనుషులు చాలినంతమంది ఉంటారు, న్యాయం చాలదు. పురుషులలో పోటీదారులు ఎక్కువ గనుక ఈ చిక్కు కొంత తేలిక. స్త్రీల విషయంలో ఇది పీకలమీదికి వస్తుంది. టోక్యో క్రీడల పట్టిక చూడండి: రహదారి పందాలు మొత్తం 34. వాటిలో పురుషులకు 20, స్త్రీలకు 13, ఇరువురూ కలిసి పాల్గొనే జట్టు పందెం ఒకటి. చేతిసైకిలు కాలపందెంలో పురుషులకు హెచ్1 నుండి హెచ్5 వరకు అయిదు వర్గాలకు అయిదు పతకాల పోటీలు ఉన్నాయి. స్త్రీలకు రెండే: హెచ్1, 2, 3 కలిసి ఒకటి, హెచ్4, 5 కలిసి ఒకటి. రహదారి పందెంలో హెచ్1 నుండి హెచ్4 దాకా నాలుగు వర్గాల స్త్రీలూ ఒకే పందెంలో దిగారు.

కలిపినప్పుడు న్యాయం చేయడానికి కనిపెట్టిన సాధనం గుణకం. ఉపాధ్యాయులు దీనిని నిష్పత్తి పాఠంలో చెప్పవచ్చు. కాలపందెంలో పోటీదారులు ఒకరి వెనుక ఒకరు నిర్ణీత వ్యవధితో బయలుదేరుతారు. ఎవరి కాలం వారిదే. వైకల్యం తీవ్రంగా ఉన్న వర్గానికి గుణకం 0.90 అనుకుందాం (ఈ సంఖ్య లెక్క కోసం ఊహించినదే). ఆ వర్గపు స్త్రీ 30 నిమిషాలలో దూరం ముగిస్తే ఆమె కాలాన్ని 27 నిమిషాలుగా లెక్కిస్తారు. వేరొకరు గుణకం 1తో 28 నిమిషాలలో వచ్చినా రెండవ స్థానమే. గత పోటీలలో ఆయా వర్గాలవారి కాలాలను పోల్చి గుణకాలను నిర్ణయిస్తారు. చిక్కు ఇక్కడే ఉన్నది. ఒక వర్గంలో నలుగురైదుగురు స్త్రీలే ఉండి, వారిలో ఒకరు అసాధారణ ప్రతిభావంతురాలైతే, ఆమె కాలమే ఆ వర్గపు కొలబద్ద అవుతుంది. వైకల్యాన్ని కొలుస్తున్నామనుకొని ఆమె ప్రతిభను కొలిచినవారం అవుతాము.

ఈ గుణకం బలం 2012లో లండను క్రీడలలో స్పష్టంగా తెలిసింది. ఆ యేడు మూడు చక్రాల సైకిలు పందాలలో స్త్రీలకు వేరే పోటీ లేదు. టి1, టి2 వర్గాల స్త్రీపురుషులందరినీ కలిపివేశారు. ఆస్ట్రేలియాకు చెందిన కారల్ కుక్ అందులో దిగింది. ఆమె పూర్వం పోలీసు ఉద్యోగి. నాడులపై పొర క్షీణించే మల్టిపుల్ స్క్లెరోసిస్ వ్యాధి సోకిన తరువాత ఈ క్రీడలోకి వచ్చింది. బ్రాండ్స్ హాచ్ మోటారు పందాల బాట మీద జరిగిన కాలపందెంలో, గుణకంతో లెక్క వేయగా, పురుషులను దాటి ఆమె స్వర్ణపతకం గెలిచింది. తరువాత అదే బాట మీద రహదారి పందెం. అందులో గుణకం లేదు. ముందు గీత దాటినవారే విజేత. స్వర్ణం బ్రిటిష్ పురుషుడు డేవిడ్ స్టోన్‌కు పోయింది, కుక్‌కు పతకమే రాలేదు. ఆమె బలం మారలేదు, బండీ మారలేదు. మారినది లెక్కించే పద్ధతి. నాలుగేళ్ల తరువాత రియోలో స్త్రీలకు విడిగా పోటీలు పెట్టారు. కుక్ రెండూ గెలిచింది.

రహదారి పందెంలో గుణకం ఎందుకు పెట్టరాదు అని విద్యార్థులు అడగవచ్చు. ఆ పందెంలో అందరూ ఒకేసారి బయలుదేరుతారు, ఒకరి చాటున ఒకరు పోతారు. ముందు పోయేవారు గాలిని చీలుస్తారు; వెనుక అంటిపెట్టుకున్నవారికి పావు వంతుకు పైగా శ్రమ తగ్గుతుంది. కాలం ఇక్కడ ఒక్కరి సొత్తు కాదు గనుక దానిని గుణించడంలో అర్థం లేదు. అయితే ఫలితం ఏమిటి? గుంపులో బలవంతులు ఒక్కసారి వేగం పెంచితే బలహీన వర్గంవారు ఆ చాటు కోల్పోతారు. అక్కడినుండి గాలితో ఒంటరి పోరాటమే. వర్గాలను కలపడం వలన కలిగే నష్టం కాలపందెంలో కంటె ఇక్కడే ఎక్కువని నా అభిప్రాయం.

స్త్రీలకు విడి పోటీలు కావాలని చాలకాలం పట్టుబట్టినవారిలో అమెరికాకు చెందిన బార్బరా బుకన్ ఒకరు. 1982లో ఒక సైకిలు పందెంలో పడి ఆమె తలకు తీవ్రమైన దెబ్బ తగిలింది. 2008లో బీజింగులో, 52వ యేట, ఆమె ట్రాక్ మీద స్వర్ణపతకం అందుకుంది. ఆ క్రీడలలోనే చేతిసైకిలు మీద స్త్రీల పందాలు కూడ జరిగాయి. కాలపందెంలో బ్రిటన్‌కు చెందిన రేచెల్ మారిస్, రహదారి పందెంలో జర్మనీకి చెందిన ఆండ్రియా ఎస్కావ్ గెలిచారు. జపానులో ఔషధ శాస్త్రం చదివి మందుల పనిచేసే కెయికో సుగియురాకు కూడ 2016లో సైకిలు పందెంలోనే ప్రమాదం జరిగి మెదడు దెబ్బతిన్నది. ఆమె టోక్యోలో 50వ యేట సి1 నుండి సి3 వర్గాలు కలిసిన పోటీలలో రెండు స్వర్ణాలు, 2024లో పారిసులో మరొకటి గెలిచింది. తమను పడద్రోసిన క్రీడకే ఈ ఇద్దరూ తిరిగి వచ్చారు.

అందరికంటె ప్రసిద్ధురాలు సారా స్టోరీ. 1977లో ఇంగ్లండులో మాంచెస్టరులో ఎడమచేయి పనికిరాని స్థితిలో పుట్టింది. 14వ యేట 1992 బార్సిలోనా క్రీడలలో ఈతగత్తెగా స్వర్ణాలు గెలిచింది. 2005లో సైకిలుకు మారింది. 2010లో ఢిల్లీ కామన్‌వెల్తు క్రీడలలో అంగవైకల్యం లేని స్త్రీలతో పోటీపడి ట్రాక్ మీద 3 కిలోమీటర్ల పందెంలో ఆరవ స్థానం పొందింది. 2021 సెప్టెంబరు 2న ఫ్యూజీ పర్వతం దాపున కుండపోత వర్షంలో జరిగిన రహదారి పందెం ఆమెకు 17వ స్వర్ణం తెచ్చింది. పారిసులో మరి రెండు చేరి 19 అయ్యాయి. ఆ చివరి పందెంలో 46 ఏళ్ల స్టోరీకి గీత వరకు పోటీ ఇచ్చినది 19 ఏళ్ల ఫ్రెంచి యువతి హైదీ గొగాన్. సి4, సి5 కలిసిన పందెం అది. వైకల్యం తక్కువగా ఉన్న ఈ వర్గాలలో కలపడం వలన వచ్చే తేడా స్వల్పం. పందెం రసవత్తరంగా సాగుతుంది. అదే కలపడం హెచ్1, హెచ్4ల మధ్య జరిగినప్పుడు పర్యవసానం వేరు.

పారిసు క్రీడలలో మన దేశం మొట్టమొదటిసారి సైకిలు పందాలకు ఇద్దరిని పంపింది. ఒకరు ఆంధ్రప్రదేశ్‌కు చెందిన అర్షద్ షేక్, మరొకరు మహారాష్ట్రకు చెందిన జ్యోతి గడేరియా. ఇద్దరికీ హైదరాబాదులోని ఆదిత్య మెహతా సంస్థ శిక్షణ ఇచ్చింది. జ్యోతి రోడ్డు ప్రమాదంలో కాలు కోల్పోయింది. ఇద్దరిదీ సి2 వర్గమే. కాని రహదారి కాలపందెంలో అర్షద్ సి2 పురుషులతో మాత్రమే పోటీపడ్డాడు. జ్యోతి సి1, సి2, సి3 వర్గాల స్త్రీలందరితో కలిసి బయలుదేరింది. రహదారి పందెంలో అయితే గుణకం కూడ లేకుండానే.