ట్రాక్టర్ ప్రమాద గాయాలు: ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక ఏం గమనించాలి?

దమ్ములో దిగబడిన ట్రాక్టర్ ముందు చక్రాలు లేచి వెనక్కి పల్టీ కొట్టడం, గట్టు ఎక్కేటప్పుడు పక్కకు ఒరగడం, చీకట్లో చెట్టునో ఆగి ఉన్న ట్రక్కునో గుద్దుకోవడం, ట్రక్కులో కూర్చున్న కూలీలు కిందపడటం... ట్రాక్టర్ ప్రమాదాలు సాధారణంగా ఈ తీరుగా జరుగుతాయి. ప్రాణం దక్కితే గండం గడిచిందనుకుంటాం. కానీ ఈ గాయాల ప్రభావం కొన్నిసార్లు నెలల తర్వాత, మరికొన్నిసార్లు ఏళ్ల తర్వాత బయటపడుతుంది. గుర్తుపట్టడం ఆలస్యమైతే సేద్యమే ఆగిపోవచ్చు.

తలకు దెబ్బ తగిలితే

స్పృహ తప్పలేదు, రక్తం కారలేదు కాబట్టి ఏమీ కాలేదని అనుకోవద్దు. మెదడు పైపొరల మధ్య రక్తం కొద్దికొద్దిగా చేరి, రెండు మూడు వారాల తర్వాత లక్షణాలు కనిపించవచ్చు. అరవై దాటినవారిలో, మద్యం అలవాటున్నవారిలో, రక్తం పలుచబడే మందులు వాడేవారిలో ఈ ప్రమాదం ఎక్కువ. తలనొప్పి రోజురోజుకూ పెరుగుతున్నా, మాట తడబడుతున్నా, ఒక పక్క చెయ్యో కాలో బలహీనపడినా, పగలంతా మగతగా ఉన్నా వెంటనే సీటీ స్కాన్ సౌకర్యమున్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. సకాలంలో ఆపరేషన్ చేస్తే చాలామంది కోలుకుంటారు. "ముసలితనం, మతిమరుపు" అని సరిపెట్టుకునే ఇళ్లలోనే నష్టం జరుగుతుంది.

గట్టి దెబ్బ తగిలినవారికి నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత కూడా ఫిట్స్ మొదలు కావచ్చు. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం వల్ల ఉపయోగం లేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. అయిదు నిమిషాలు దాటినా తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. డాక్టరు రాసిన మాత్రలు "తగ్గింది కదా" అని మీ అంతట మీరు ఆపేస్తే ఫిట్స్ తిరగబెడతాయి. డాక్టరు అనుమతించే వరకు ట్రాక్టర్ నడపకూడదు, ఒంటరిగా బావి దగ్గరికి, మోటారు దగ్గరికి వెళ్లకూడదు. ఈ మాట రైతులకు రుచించదు. అయినా చెప్పక తప్పదు.

మతిమరుపు, చిన్న విషయానికే కోపం, నిద్ర పట్టకపోవడం కూడా దెబ్బ ప్రభావమే కావచ్చు. మనిషి మారిపోయాడని ఇంట్లోవాళ్లు బాధపడే ముందు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

వెన్నుకు దెబ్బ తగిలితే

వెన్నుపాము దెబ్బతిని కాళ్లు పడిపోయినవారికి తర్వాతి కాలంలో ప్రాణాల మీదికి తెచ్చేవి రెండు: పడక పుండ్లు, మూత్రంలో ఇన్ఫెక్షన్. స్పర్శ లేనందున పుండు పడుతున్నట్టు వారికి తెలియదు. ప్రతి రెండు గంటలకు, రాత్రి కూడా, ఒక పక్క నుంచి మరో పక్కకు తిప్పాలి. పిరుదులు, నడుము కింద భాగం, మడమలు రోజూ చూడాలి. చర్మం ఎర్రబడి, ఒత్తిడి తీసినా ఆ ఎరుపు పోకపోతే అదే పుండుకు మొదలు. చక్రాల కుర్చీలో ఉన్నప్పుడు ప్రతి పావుగంటకోసారి చేతుల మీద పైకి లేవడం అలవాటు చేయించండి.

మూత్రం గొట్టం ఎప్పుడు మార్చాలో, శుభ్రమైన గొట్టంతో ఎవరికి వారే ఎలా తీసుకోవాలో డిశ్చార్జికి ముందే నర్సు దగ్గర నేర్చుకోండి. చలితో జ్వరం వస్తే, మూత్రం చిక్కగా వాసన వస్తే ఆలస్యం చేయవద్దు. మెడ దగ్గరో, ఛాతీ పై భాగంలోనో దెబ్బ తగిలినవారికి అకస్మాత్తుగా తల పగిలిపోయేంత నొప్పి, చెమటలు వస్తే రక్తపోటు ప్రమాదకరంగా పెరిగి ఉండవచ్చు. వెంటనే కూర్చోబెట్టి, గొట్టం మెలిపడిందేమో చూసి, ఆసుపత్రికి తరలించండి.

ఈ సేవంతా సాధారణంగా ఇల్లాలి మీదే పడుతుంది. పొలం పని, పశువుల పని, దీనికి తోడు రాత్రి నిద్ర లేకపోతే ఆమె కూడా మంచాన పడుతుంది. అన్నదమ్ములు, పెద్ద పిల్లలు వంతులు వేసుకోవాలి.

కాళ్లు, కటి ఎముక

మట్టిలో పడి ఎముక బయటికి వచ్చిన గాయాల్లో ఎముకకు చీము పట్టవచ్చు. మానిన చోట మళ్లీ చీము కారితే కట్టుకట్లతో కాలక్షేపం చేయవద్దు. కటి ఎముక విరిగిన మగవారిలో మూత్రనాళం ఇరుకై, కొన్ని నెలలకు ధార సన్నబడవచ్చు. సిగ్గుపడి దాచుకుంటే కిడ్నీలు దెబ్బతింటాయి. కీలు లోపలికి విరిగినవారికి కొన్నేళ్లకు కీలు అరుగుతుంది. పాదం పైకి లేవని స్థితిలో బ్రేకు, క్లచ్ మీద పట్టు ఉండదు కాబట్టి ట్రాక్టర్ ఎక్కవద్దు.

కాగితాల సంగతి

పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఆసుపత్రిలో "మెట్ల మీద జారిపడ్డాడు" అని రాయించేవారున్నారు. తర్వాత బీమా అడిగినప్పుడు ఆ ఒక్క వాక్యమే అడ్డుపడుతుంది. జరిగింది జరిగినట్టు చెప్పండి. డిశ్చార్జి పత్రం, ఎక్స్‌రేలు, స్కాన్‌లు ఒకే సంచిలో దాచండి. వైకల్యం మిగిలితే పరీక్ష చేయించుకుని వైకల్య ధ్రువపత్రం తీసుకోవాలి. దివ్యాంగుల పింఛనుకు ఆ ధ్రువపత్రమే ఆధారం.

తెలంగాణ రైతుబీమా మరణానికి మాత్రమే వర్తిస్తుంది, వైకల్యానికి కాదు. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో 18 నుంచి 70 ఏళ్ల వారు ఏడాదికి 20 రూపాయలతో చేరవచ్చు. ప్రమాదంలో మరణించినా, రెండు కాళ్లో రెండు చేతులో పూర్తిగా పోయినా 2 లక్షలు, ఒక కాలు లేదా ఒక చెయ్యి పనిచేయకుండా పోతే 1 లక్ష వస్తుంది. ఆ 20 రూపాయలు బ్యాంకు ఖాతా నుంచి ఏటా మే చివర్లో తీసుకుంటారు. అప్పటికి ఖాతాలో డబ్బు లేకపోతే బీమా ఆగిపోతుంది కాబట్టి ముందే చూసుకోండి.