శిస్తు ఎంత? కట్ట ఎవరిది?

శింగనమల అనగానే మన జిల్లావారికి మొదట గుర్తొచ్చేది శ్రీరంగరాయల చెరువు. వానలు అంతంతమాత్రమైన ఈ మెట్టసీమలో చెరువు నిండితేనే మడి, మడి పండితేనే శిస్తు. అందుచేత సర్కారు ఎంత పుచ్చుకోవాలి, కట్ట తెగితే మట్టి ఎవరు పోయాలి అన్న రెండు ప్రశ్నలూ ఇక్కడ జంటగానే వచ్చాయి.

వెనుకటి కాలంలో దశబంధం ఇనాం అని ఒక పద్ధతి ఉండేది. చెరువు కట్టించినవారికో, మరమ్మతు చూసేవారికో కొంత భూమి శిస్తు లేకుండానో, తక్కువ శిస్తుకో వదిలేవారు. బదులుగా కట్ట, తూము బాగోగులు వారివే.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేశాడు. ఈ దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పొలాలు కొలిపించి, రైతుతోనే నేరుగా జమాబందీ చేశాడు. ఆయనను మనవాళ్ళు దేవుడిలా చెప్పుకుంటారు, బిడ్డలకు మన్రోలప్ప అని పేర్లు కూడా పెట్టుకున్నారు. ఏడేళ్ళలో కంపెనీ రాబడిని సుమారు ఒకటిన్నర రెట్లు చేసిందీ ఆయనే. ఆ మాటా చెప్పుకోవాలి కదా!

నా దృష్టిలో ఆయన చేసిన అసలు మేలు 1807 ఆగస్టులో వ్రాసిన నివేదిక. పంటలో నూటికి 45 పాళ్ళు శిస్తుకే పోతోందని, అది మూడో వంతుకు దిగాలని లెక్క తేల్చాడు. అన్ని భూములకూ నూటికి 25 తగ్గించమన్నాడు. బావుల నుంచి కపిల తోలో, ఏతం వేసో నీళ్ళు తోడుకొనే భూములకు ఇంకో 8 కలిపి 33 తగ్గించమన్నాడు. అయితే బావుల మరమ్మతు రైతులే తమ ఖర్చుతో చేసుకోవాలి. చిన్న చెరువుల కింద రైతులు మరమ్మతుకు ఒప్పుకుంటే వారికీ అదే తగ్గింపు.

ఇందులోని న్యాయం మనకు కొత్త కాదు. ఉష్ర్ లెక్కలో వాన నీటి పంటకు పదో వంతు, కష్టపడి నీరు తోడి పండించినదానికి ఇరవయ్యో వంతు. మన్రో ఆ లెక్క చూసి వ్రాశాడని నేననడం లేదు. కపిల తోలే మనిషిని ఒక పూట చూసినవాడికి ఎవరికైనా తోచేదే. తేడా ఎక్కడంటే, ఉష్ర్ పేదలకు చేరేది, శిస్తు కంపెనీ ఖజానాకు.

ఆ ఖజానావారు అప్పట్లో మన్రో మాట వినలేదు. ఆయన సీమకు వెళ్ళిపోయాక 1808 నుంచి ఊళ్ళకు ఊళ్ళు గుత్తకిచ్చారు, మొదట మూడేళ్ళకు, తర్వాత పదేళ్ళకు. గుత్తదారులు చాలామంది చితికిపోయారు, రైతుల సంగతి చెప్పనక్కరలేదు. 1820లో మన్రో మద్రాసు గవర్నరై వచ్చాకనే తగ్గింపులు అమలుకు వచ్చాయి. మధ్యలో పదమూడేళ్ళు!

రైతు వంతు పనికి మాత్రం 1858లో చట్టమే వచ్చింది. చెరువు కట్టకు ప్రమాదమైతే ఊరివారు పనికి రావలసిందేనని మద్రాసు ప్రభుత్వం శాసించింది. స్వరాజ్యం వచ్చాక చాలాకాలానికి, 1997లో మన రాష్ట్రం మరో చట్టం చేసి, ఆయకట్టు రైతులే ఎన్నుకునే నీటి సంఘాలకు చెరువుల బాధ్యత అప్పగించింది. నీటి తీరువాలో కొంత భాగం ఆ సంఘాలకే తిరిగి ఇవ్వాలన్న ఏర్పాటు అప్పుడు వచ్చినదే.