లలితగీతమున దేశమాత

తెలుగున దేశాభిమానగేయమునకు పుట్టినిల్లేదియని యడిగినచో, గురజాడవారి యభిమానులు కోపగింపకుందురుగాక, నేను రాజమహేంద్రవరమునే చూపుదును. 1907లో వంగనాయకులు బిపిన్ చంద్రపాలుగారచ్చట ఉపన్యసించుచుండగా, వారి యాంగ్లవాక్కులను తెనుగుచేయుచున్న చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు ఆశువుగా చెప్పిన తేటగీతి వంగదేశమున రగిలిన వందేమాతరోద్యమమునకు గోదావరితీరమున నాలుక నిచ్చినది. ఆ యూరి ట్రైనింగు కళాశాలనుండి గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వందేమాతరమన్నందులకు బహిష్కృతులైనదియు నా యేడే. చిలకమర్తివారి పద్యమున దేశము పరులు పిదుకుకొను పాడియావు. శ్రోతకు కలుగునది రోషము. గరిమెళ్ళ సత్యనారాయణగారి పాట జనుల నోట నాడి, కవిని చెరసాలకంపినదియు నా రోషముతోడనే.

దేశమును సుందరిగా, జననిగా, ఏకాంతమున తలచుకొని మురియదగిన దానినిగా భావించుట మాత్రము పిఠాపురపు చలువ. ఆ సంస్థానముతో సంబంధముగల జంటకవులు వేంకటపార్వతీశకవుల ‘ఏకాంతసేవ’లో రవీంద్రుని ఛాయలు కలవు; పిఠాపురసమీపమందలి చంద్రంపాలెమున 1897లో జన్మించిన దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు ఆ భావుకతనే దేశమునకు సమర్పించి, ‘జయ జయ జయ ప్రియభారత’ యను గీతమును రచించిరి. అందు శత్రువు పేరెత్తలేదు. బడిపిల్లలు నేటికిని పాడుకొనుటకు అదియే కారణమేమో!

ఐనను కవిత గీతమగుటకు వరుస కావలెను, ఆ వరుసను దూరమునకు గొనిపోవు సాధనమును కావలెను. 1938లో మద్రాసున ఆకాశవాణి వెలసినది. 1941లో అందు ప్రవేశించిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు నిడదవోలున జన్మించి, పైన చెప్పిన జంటకవులలో నొకరగు వెంకటరావుగారికి కుమారులై, కవిత్వమును సంగీతమును నొక్కచేతనే నడపగలవారు. శాస్త్రీయసంగీతపు కృతియందు రాగవిస్తారమునకై గాయకుడు పదమును సాగదీసినను దోషము లేదు. వారివంటివారు కూర్చు లలితగీతమున సంగతులు మితములు, స్వరకల్పన లేదు; మాట యెచ్చట విరుగునో మెట్టు నచ్చటనే విరుగవలెను. సంగీతజ్ఞానము లేని గృహిణియు వంటయింట కూనిరాగము తీయుటకు వీలైన ఈ మితత్వమే, నా యభిప్రాయమున, దేశభావనను సభలనుండి ఇండ్లలోనికి దింపినది. ఇట్లే, జర్మనుభాషా కవితలకు వరుసలు కట్టిన షూబర్టు గీతములును జర్మనీ 1871లో ఏకరాజ్యమగుటకు చాలముందే ఇండ్లలోని పియానోల చెంత పాడబడుచుండినవి.

1947 ఆగస్టు 15న మద్రాసు రేడియోనుండి రజనిగారి ‘మాదీ స్వతంత్రదేశం’ను పాడిన టంగుటూరి సూర్యకుమారి రాజమహేంద్రవరమున పుట్టిన బిడ్డ, ప్రకాశం పంతులుగారి సోదరుని కుమార్తె. తిరుపతికి చెందిన శంకరంబాడి సుందరాచారిగారు 1942లో రచించిన తెలుగుతల్లి గీతమును గ్రామఫోను పలకపై నిలిపినదియు నామెయే. భారతజనని, తెలుగుతల్లి యని ఇద్దరమ్మలున్నచో భక్తి చీలునని ఎవరైనను శంకింపవచ్చును. ఒకే గొంతున రెండును విన్న శ్రోతల కట్టి శంక కలిగినట్లు తోపదు. రాయలసీమ కవి వ్రాయగా, గోదావరిమండలపు గాయని పాడగా, ఆ పలక యింటింట తిరుగుచున్ననాటికి ఆంధ్రులకు వేరు రాష్ట్రమే లేదు. అది 1953లో వచ్చినది, ఆంధ్రప్రదేశ్ 1956లో; ఆ పాటను ప్రభుత్వము రాష్ట్రగీతముగా గైకొనుటకు 1975 దాక పట్టినది.