ఉక్కు పొట్టలో తడబడిన దిక్సూచి

1776 సెప్టెంబరు 6 రాత్రి. న్యూయార్క్ రేవులో లంగరేసిన బ్రిటిష్ యుద్ధనౌక ‘ఈగిల్’ను పేల్చేయడానికి ఎజ్రా లీ అనే అమెరికన్ సార్జెంటు ఒంటరిగా బయల్దేరాడు. ఎక్కింది ‘టర్టిల్’ అనే జలాంతర్గామి. డేవిడ్ బుష్నెల్ ఓక్ చెక్కతో ఒక్క మనిషికి సరిపడా చేసింది. పూర్తిగా మునిగితే లోపలి గాలి అరగంటకు మించి రాదు. కొవ్వొత్తి వెలిగిస్తే ఆ కాస్త గాలినీ అదే తినేస్తుంది. మరి దిక్సూచి ముల్లు కనబడేదెలా? పుచ్చిన కొయ్య మీద చీకట్లో మిణుకుమనే బూజును గుర్తుగా అంటించారు. గడ్డకట్టే చలిలో ఆ వెలుగూ ఉండేది కాదు.

పేలుడు మందును ఓడ అడుగున బిగించడం లీ వల్ల కాలేదు. తిరుగుదారిలో దిక్సూచీ మొరాయించింది. దారి చూసుకోవడానికి కొన్ని నిమిషాలకోసారి పైకి తేలాల్సి వచ్చింది. గవర్నర్స్ దీవి దగ్గర శత్రువుల కంట పడనే పడ్డాడు. ముల్లు పనిచేయకపోతే జలాంతర్గామికి దాగే బలమే పోతుందని ఆనాడే తేలింది.

ఇనుము వచ్చాక చిక్కు ముదిరింది. ఇనుప ఓడల్లో దిక్సూచి తప్పు చూపుతుంటే, 1838లో జార్జ్ ఎయిరీ ‘రెయిన్‌బో’ అనే ఓడ మీద దాని పక్కన అయస్కాంతాలు, మెత్తని ఇనుము అమర్చి సరిదిద్దాడు. జలాంతర్గామికి ఆ చిట్కా ఒక్కటే చాలలేదు. చుట్టూ మూసిన ఉక్కు భూమి అయస్కాంత బలాన్ని లోపలికి సరిగా రానివ్వదు. పైగా మోటార్లకు పారే కరెంటు హెచ్చుతగ్గులైనప్పుడల్లా ముల్లును పక్కకు లాగుతుంది.

20వ శతాబ్దం తొలినాళ్లలో బ్రిటిష్ నౌకాదళం దిక్సూచినే బయటికి పంపింది. ఉక్కు పొట్టకు పైన, అయస్కాంతానికి లొంగని లోహపు తొడుగులో దాన్ని ఉంచి, దాని బొమ్మను గొట్టం గుండా చుక్కాని పట్టినవాడి ముందుకు దించారు.

అసలు విరుగుడు మరో కోరికలోంచి పుట్టింది. జర్మనీకి చెందిన హెర్మన్ అన్షుట్జ్-కెంఫె జలాంతర్గామిలో మంచు కిందుగా ఉత్తర ధ్రువానికి వెళ్లాలనుకున్నాడు. అక్కడ అయస్కాంత ముల్లును నమ్మలేం. అందుకని జోరుగా తిరిగే చక్రంతో, భూభ్రమణం ఆధారంగా నిజమైన ఉత్తరాన్ని పట్టే గైరో దిక్సూచిని తయారుచేశాడు. 1908లో జర్మన్ యుద్ధనౌక ‘డాయిచ్‌లాండ్’ మీద దాన్ని పరీక్షించారు. ఆయన ధ్రువానికి వెళ్లలేకపోయినా, గైరోలు అమర్చుకున్న అమెరికన్ అణు జలాంతర్గామి ‘నాటిలస్’ 1958 ఆగస్టు 3న మంచు కిందుగా ధ్రువాన్ని దాటింది.

అయితే గైరో తిరగాలంటే కరెంటు కావాలి. ముల్లుకు అదేమీ అక్కర్లేదు. అందుకే గైరో వచ్చాక కూడా నావికులు ముల్లును ఆపద్ధర్మంగా అట్టేపెట్టుకున్నారు.