ఉక్కు వెంట నడిచిన జోసయా మార్షల్ హీత్

విక్టోరియా యుగపు బ్రిటన్‌లో ఇనుప కర్మాగారాల యజమానులు చట్టసభలోనూ కూర్చునేవారు. వేల్స్‌లోని డౌలైస్ కర్మాగారాధిపతి జోసయా జాన్ గెస్ట్ 1832 నుంచి 1852లో మరణించేవరకు మెర్తిర్ ప్రతినిధిగా కామన్స్ సభలో ఉన్నాడు. అదే కాలంలో మన మద్రాసు ప్రెసిడెన్సీలో ఇనుము కరిగించబోయిన మరో జోసయాను ఇప్పుడు పరిచయం చేసుకుందాం.

జోసయా మార్షల్ హీత్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. ఉద్యోగం వదిలి, యూరోపియన్ పద్ధతిలో ఇనుము తయారుచేసే ప్రత్యేక హక్కునూ, కంపెనీ నుంచి అప్పులనూ సంపాదించి, 1830లో తీరప్రాంతంలోని పరంగిపేట వద్ద కర్మాగారం పెట్టాడు. అప్పట్లో పోర్టో నోవో అనేవారు. ఖనిజం సేలం ప్రాంతానిది. ఇప్పటి అనంతపురం అప్పుడు బళ్లారి జిల్లాలో, అదే ప్రెసిడెన్సీలో ఉండేది.

అతని ఆసక్తి ఇనుముతో ఆగలేదు. ఐరోపావారు 'ఊట్జ్' అని పిలిచిన ఉక్కు రహస్యం అతన్ని పట్టుకుంది. ఆ మాట మన 'ఉక్కు'కు వికృతరూపమేనని పండితులు సాధారణంగా ఒప్పుకుంటారు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో తయారైన ఉక్కు కత్తులకు ఎంతో పేరు. దక్షిణాది కమ్మరులు చిన్న మట్టిమూసలో ఇనుప ముక్కలతోపాటు ఎండిన తంగేడు కట్టె వేసి, జిల్లేడు వంటి ఆకులు కప్పి, మూతిని మట్టితో బిగించి కాల్చేవారని హీత్ రాశాడు. మీ ఊరి గట్టు మీద పూసే తంగేడు లండన్ శాస్త్రవేత్తల చర్చలోకి అలా చేరింది! కట్టెలోని కర్బనం ఇనుములోకి చేరితే ఉక్కు అవుతుందన్నదే అసలు సూత్రం.

మరి కర్మాగారం ఎందుకు నిలవలేదు? నిర్వహణ లోపాలని కొందరంటారు. నా దృష్టిలో అసలు చిక్కు ఇంధనం. బ్రిటన్‌లో 1709లోనే కోక్‌తో ఇనుము కరిగించడం మొదలైంది. హీత్‌కు దొరికింది కట్టెబొగ్గే. సింగరేణి బొగ్గు జాడ 1870ల వరకు బయటపడలేదు. కమ్మరి కొలిమికి పక్కనున్న అడవి చాలుతుంది. పెద్ద కొలిమికి మాత్రం ఏటా మరింత దూరం నుంచి బండ్లు కదలాలి, ఖర్చు పెరగాలి. వానలు అరకొరగా కురిసే మన మెరకలో అలాంటి కొలిమి పెడితే ఎన్నాళ్లకు చెట్లు మిగులుతాయో మీరే ఊహించండి.

హీత్ ఇంగ్లండ్ చేరి, 1839లో మాంగనీసు కర్బనంతో ఉక్కును మెరుగుపరిచే విధానానికి పేటెంటు పొందాడు. షెఫీల్డ్ తయారీదారులు దాన్ని అందిపుచ్చుకున్నారు. అయితే మాంగనీసు ఆక్సైడ్‌నూ, కర్బన పదార్థాన్నీ విడివిడిగా మూసలో వేస్తే అదే ఫలితం వస్తుందని తేలింది. అది పేటెంటు మాటల్లో లేదు కనుక రుసుము చెల్లించబోమన్నారు. వ్యాజ్యాలు ఏళ్ల తరబడి సాగాయి. పార్లమెంటులో మాట్లాడే గెస్ట్ లాంటి స్థానం హీత్‌కు లేదు, వకీళ్లే దిక్కు. 1851లో ఆయన కన్నుమూశాడు. 1855లో ప్రభువుల సభ తుది తీర్పు ఆయన పక్షానికి వ్యతిరేకంగా వచ్చింది.

మరుసటి ఏడాది, 1856 జూలైలో, మద్రాసు రాయపురం నుంచి దక్షిణ భారతదేశపు మొదటి ప్రయాణికుల రైలు కదిలింది. ఆ కాలపు రైలుమార్గాలకు పట్టాలు ప్రధానంగా బ్రిటన్ నుంచే ఓడల్లో వచ్చేవి.